యాదర్ ఏరు: ఒకప్పటి సరస్సు, ఇప్పటి వరద, మధ్యలో లిథియం

క్లుప్తంగా

సెర్బియా పడమటి అంచున ద్రీనా నదిలో కలిసే 75 కిలోమీటర్ల చిన్న ఏరు యాదర్. 2004లో దీని లోయ కింద బ్యాటరీల్లో వాడే లిథియం, దాంతో పాటు బోరాన్, రెండూ ఉన్న కొత్త ఖనిజం దొరికింది, దాన్ని తవ్వే గని ప్లాన్ మీద గొడవతో ఈ పేరు యూరప్ వార్తల్లో నలుగుతూనే ఉంది. గొడవంతా లిథియం గురించే అనిపిస్తుంది గానీ దాని వేరు ఆ లోయ వాటంలో ఉంది. పైన నిటారు కొండలు, కింద పల్లపు మైదానం, గట్టి వాన ఒక్కటి పడితే పొంగే వాగులు. ఆ నీళ్ళు ఎక్కణ్ణించి దిగి ఎక్కడ చేరతాయో తెలిస్తే గని మీద నడుస్తున్న వాదన సగం అర్థమైనట్టే.

పేరు దగ్గరే తికమక

ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి చాలామంది జాదర్ అనో జాడర్ అనో రాసేస్తుంటారు, కానీ సెర్బియన్‌లో ఆ మొదటి అక్షరం పలికేది "య", కాబట్టి అక్కడి వాళ్ళ నోట ఇది యాదర్. ఖనిజం పేరు మాత్రం ఇంగ్లిష్ దారిలో ప్రపంచమంతా తిరిగింది కాబట్టి జాడరైట్‌గానే స్థిరపడిపోయింది. అందుకే ఒకే వార్తలో ఏరు యాదర్, రాయి జాడరైట్ అని కనిపించినా రెండూ ఒక చోటువే.

ఇంకో తికమక కూడా ఉంది. సరిహద్దు అవతల బోస్నియాలో యాదర్ అనే పేరుతోనే ఇంకో చిన్న ఏరుంది, అది ద్రిన్యాచా అనే నదిలో కలిసి, అక్కణ్ణించి అదీ ద్రీనాలోకే పోతుంది. అంటే ఒకే పెద్ద నదికి ఎడమ వైపు నుంచి ఒక యాదర్ నీళ్ళు, కుడి వైపు నుంచి ఒక యాదర్ నీళ్ళు. ఇక్కడ చెప్పుకునేది కుడి వైపు నుంచి వచ్చే సెర్బియా యాదర్ గురించే. ఈ ఏరు పారే ప్రాంతాన్ని కూడా యాదర్ అనే పిలుస్తారు, కాబట్టి "యాదర్‌లో వరద" అంటే ఏట్లోనా, ఆ ప్రాంతంలోనా అన్నది సందర్భాన్ని బట్టి చూసుకోవాలి.

ఎక్కడ పుట్టి ఎటు పోతుంది

మ్యాప్‌లో బెల్‌గ్రేడ్ నుంచి నైరుతి వైపు వెళ్తే వాల్యెవో అనే ఊరు వస్తుంది, దాన్ని దాటి పడమటికి పోతే ఒసెచినా అనే చిన్న పట్నం. ఈ ఒసెచినా చుట్టుపక్కల కొండల్లోంచి, వ్లాషిచ్ కొండల దిక్కు నుంచి దిగే వాగులే యాదర్‌కి మొదలు. అక్కడది మోకాలి లోతు వాగే, రేగు పళ్ళని పోలిన ప్లమ్ పళ్ళ తోటల మధ్య పారుతుంది. ఒసెచినాలో ప్రతి ఏడాదీ ప్లమ్ పళ్ళ సంత పెడతారు. ఆ పళ్ళతో కాచే ష్లివొవిత్స అనే సారా తయారీ ఆచారాలకి 2022లో యునెస్కో వారసత్వ జాబితాలో చోటు దక్కింది కూడా. పై లోయలో బతుకు ఎక్కువగా ఆ చెట్ల మీదే.

ఒసెచినాకి తూర్పున ఉన్న కొండలు మరీ ఎత్తైనవి కావు గానీ వాటి పని పెద్దది, ఎందుకంటే నీళ్ళు విడిపోయేది అక్కడే. వాటికి అటు పడ్డ చినుకు వాల్యెవో మీదుగా కొలుబారా నదిలోకి పోతుంది, ఇటు పడ్డ చినుకు యాదర్‌లోకి వస్తుంది. రెండూ చివరికి సావా నదిలోనే కలుస్తాయి, కాకపోతే ఒకటి బెల్‌గ్రేడ్‌కి దగ్గర దారిన, ఇంకోటి ద్రీనా చుట్టు తిరిగి.

ఒసెచినా నుంచి ఏరు మొత్తం మీద పడమటికే పారుతుంది. జావ్లాకా అనే ఊరి దగ్గర ఎడమ వైపు నుంచి లికోద్రా వచ్చి కలుస్తుంది, యాదర్‌కి ఉన్న ఉపనదుల్లో పెద్దదిదే. లికోద్రా పుట్టేది క్రుపాన్ అనే ఊళ్ళో, కొండల మీంచి దిగే బొగొష్తిత్సా, కర్జావా, చజావిత్సా అనే మూడు వాగులు ఊరి దగ్గర ఒకటై లికోద్రా అవుతాయి. మూడు వాగులు కలిసే చోట ఊరు కట్టుకోవడం మామూలు రోజుల్లో సుఖంగానే ఉంటుంది, వానాకాలంలో ఎలా ఉంటుందో కింద చెప్పుకుందాం.

జావ్లాకా దాటాక లోయ మెల్లగా వెడల్పవుతుంది. ద్రాగినాత్స్, యారెబిత్సె ఊళ్ళ దగ్గరికొచ్చేసరికి అటూ ఇటూ మొక్కజొన్న చేలు, పచ్చిక, మధ్యలో మెలికలు తిరుగుతూ ఏరు. ఉత్తరాన త్సేర్, ఇవెరాక్ కొండలు, వీటి ఎత్తు 700 మీటర్లకి లోపే. దక్షిణాన గుచెవో 779 మీటర్లు, బొరాన్యా 856 మీటర్లు, ఇంకా వెనక్కి పోతే యాగొద్న్యా తొమ్మిది వందలు దాటుతుంది. కుడి వైపు కొండలు పొట్టిగా, ఎడమ వైపు పొడుగ్గా ఉన్నాయి కాబట్టి పెద్ద వాగులన్నీ ఎడమ వైపు నుంచే వస్తాయి, బురద ఎక్కువగా తెచ్చేదీ అవే. లికోద్రా కాక వాటిలో ఇంకోటి కొరెనిత. బొరాన్యా దిక్కు నుంచి దిగి గోర్న్యె నెదెల్యిత్సె పల్లె దగ్గర్లో యాదర్‌ని చేరుతుంది. కొరెనిత, గోర్న్యె నెదెల్యిత్సె, ఈ రెండు పేర్లూ గుర్తుపెట్టుకోవాలి, గని కథ మొత్తం వీటి చుట్టూనే తిరుగుతుంది.

అక్కణ్ణించి ఏరు వాయవ్యానికి, తర్వాత ఉత్తరానికి తిరిగి, లోజ్నిత్స పట్నానికి పక్కగా పోయి, లెష్నిత్స దగ్గర్లో ద్రీనాలో కలుస్తుంది. యాదర్ ప్రాంతానికి లోజ్నిత్సే పెద్ద ఊరు అయినా యాదర్ ఊరి మధ్య నుంచి పారదు, లోజ్నిత్స ద్రీనా ఒడ్డు పక్కన ఉంది. ద్రీనా అక్కడ సెర్బియాకీ బోస్నియాకీ సరిహద్దు. 346 కిలోమీటర్ల ద్రీనా పోయి సావాలో, సావా బెల్‌గ్రేడ్ దగ్గర డాన్యూబ్‌లో, డాన్యూబ్ నల్ల సముద్రంలో కలుస్తాయి. బెల్‌గ్రేడ్ తాగునీళ్ళలో పెద్ద వాటా సావా ఒడ్డున తవ్విన బావుల నుంచే వస్తుంది కాబట్టి యాదర్ గొడవ రాజధాని దాకా పాకడానికి ఈ వరస కూడా ఒక కారణం.

లోయంటే దారి కూడా

తూర్పు కొండలు తక్కువ ఎత్తు కాబట్టి, కింద లోయ వెడల్పు కాబట్టి, ద్రీనా నుంచి సెర్బియా లోపలికి రావాలంటే యాదర్ లోయ సులువైన దారి. 1914 ఆగస్టులో ఆస్ట్రియా-హంగరీ సైన్యం ద్రీనా దాటి ఈ దారిలోనే వాల్యెవో వైపు కదిలింది. జనరల్ స్తెపా స్తెపానొవిచ్ సైన్యం త్సేర్ కొండ మీద, పావ్లె యురిషిచ్ ష్తుర్మ్ సైన్యం యాదర్ వెంబడి నిలబడ్డాయి. ఆగస్టు 24 నాటికి దాడికి వచ్చినవాళ్ళు తిరిగి ద్రీనా అవతలికి పోవాల్సి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో మిత్రపక్షాలకి దక్కిన తొలి విజయం అదే. బయట దాన్ని త్సేర్ యుద్ధం అంటారు, సెర్బియాలో యాదర్ యుద్ధం అన్న పేరూ ఉంది.

ఇది పాత సంగతే కానీ ఇప్పటి గొడవలో దీని బరువు తక్కువేం కాదు. "ఈ నేల కోసం తాతలు చచ్చారు, ఇప్పుడు కంపెనీకి రాసివ్వాలా" అన్న మాట అక్కడి సభల్లో వినిపిస్తూనే ఉంటుంది. సెర్బియన్ లిపిని పలికినట్టే రాసేలా దిద్దిన వూక్ కరాజిచ్ 1787లో పుట్టిన త్ర్షిచ్ పల్లె కూడా లోజ్నిత్స పక్కనే. అంటే దేశం మొత్తానికి స్కూలు పుస్తకాల్లోంచి తెలిసిన నేల ఇది, మారుమూల లోయలో గని పెడుతున్నాం అని చెప్పి సర్దేయడం కుదరదు.

గట్టి వాన పడితే ఏమవుతుంది

యాదర్ గుణం అర్థం కావాలంటే ఒక విషయం పట్టుకోవాలి. దీని నీళ్ళు చేరే ప్రాంతం మొత్తం వెయ్యి చదరపు కిలోమీటర్లకి లోపే. పెద్ద నదికైతే ఒక మూల వాన పడితే ఇంకో మూల పొడిగా ఉంటుంది, వరద రావడానికి రోజులు పడుతుంది, ఈలోగా కబురు అందుతుంది. చిన్న ఏటికి ఆ వెసులుబాటు లేదు. ఒక పెద్ద మేఘం కూర్చుంటే పరీవాహకం మొత్తం ఒకేసారి తడుస్తుంది, నిటారు కొండల మీంచి నీళ్ళు గంటల్లోనే కిందికి వచ్చేస్తాయి, వచ్చి వచ్చి పల్లపు మైదానంలో పడతాయి, అక్కడ వాటం లేదు కాబట్టి ముందుకి పోలేక పక్కలకి పరుచుకుంటాయి. దానికి తోడు చివర్లో ద్రీనా కూడా పొంగి ఉంటే యాదర్ నీళ్ళు దాన్లోకి దిగలేక వెనక్కి తంతాయి.

2014 మేలో జరిగింది అదే. మధ్యధరా నుంచి వచ్చిన తుఫాను బాల్కన్ మీద కదలకుండా కూర్చుంది, మే 15న లోజ్నిత్సలో ఒక్క రోజులోనే 100 మిల్లీమీటర్ల పైన వాన పడింది. అప్పటికే వారాల తరబడి నానిన నేల, ఇంక ఇంకించుకునే పరిస్థితిలో లేదు. క్రుపాన్ ఊరి మీదికి ఆ కొండవాగులన్నీ ఒకేసారి దిగాయి. ఒక వైపు నీళ్ళు, ఇంకో వైపు కొండచరియలు, ఊరికి పోయే రోడ్లన్నీ తెగిపోయి కొన్ని రోజుల పాటు బయటి ప్రపంచంతో సంబంధం లేకుండా పోయింది.

కానీ ఆ వరదలో ఈ వ్యాసానికి అసలైన సంఘటన వేరే చోట జరిగింది. క్రుపాన్‌కీ లోజ్నిత్సకీ మధ్య కొండల్లో స్తొలిత్సె అనే పాత గని ఉంది, యాంటిమొనీ అనే లోహం కోసం తవ్వింది. 1941 సెప్టెంబరులో, నాజీ ఆక్రమణ మీద పోరాడిన యుగొస్లావ్ పార్టిజాన్ల నాయకత్వం సమావేశమైన చోటు కూడా అదే. గని మూతపడి చాలా ఏళ్ళయింది, ఖనిజం తీశాక మిగిలిన మెత్తటి బురద మాత్రం కట్ట వెనక అలాగే ఉండిపోయింది. ఆ మేలో వానకి కట్ట తెగింది. ఆర్సెనిక్, యాంటిమొనీ ఉన్న ఆ బురద కొస్తాయ్నిక్ వాగులోకి, అందులోంచి కొరెనితలోకి, కొరెనితలోంచి యాదర్‌లోకి దిగింది. నీళ్ళు తీశాక వాగు ఒడ్డున చేల మీద మందంగా పరుచుకున్న బురద పొర మిగిలింది. మామూలు వరద ఒండ్రు అయితే రైతుకి మేలే, దున్ని కలిపేసుకుంటాడు. ఈ బురదని దున్నితే విషం మట్టిలో కలిసినట్టే, ఎత్తి పోయాలంటే ఎక్కడ పోయాలి అన్న ప్రశ్న.

ఈ సంఘటన మూడు సంగతులు బయటపెట్టింది. గని మూతపడితే ప్రమాదం మూతపడదు. కొండ మీద తెగింది లోయలో కొన్ని గంటల్లోనే తేలుతుంది. ఇక ఆ దారి కొరెనిత మీదుగానే పోతుంది. కొత్త గని ప్లాన్ వేసింది సరిగ్గా ఆ కొరెనిత, యాదర్ కలిసే చోటే. లోయ జనానికి గని అంటే ఏంటో ఎవరూ పుస్తకంలోంచి చెప్పక్కర్లేదు, వాళ్ళు చూసేశారు.

ఏరు కంటే ముందున్న సరస్సు

ఇంతకీ లిథియం అక్కడికెలా వచ్చింది? ఇప్పుడు ఏరు పారే ఈ లోయ మయోసిన్ కాలంలో, అంటే కోటి సంవత్సరాలకి పైమాట, ఒక సరస్సు. చుట్టూ కొండలు, నీళ్ళు లోపలికి రావడమే గానీ బయటికి పోయే దారి సరిగ్గా లేని గిన్నె లాంటి చోటు. చుట్టుపక్కల అగ్నిపర్వతాల చురుకు ఉండేది, ఆ బూడిద, ఆ రాళ్ళు కడిగిన నీళ్ళు, వేడి ఊటలు అన్నీ లిథియం, బోరాన్, సోడియం మోసుకొచ్చి ఆ గిన్నెలో పోసేవి. నీళ్ళు ఆవిరైపోయేవి, లవణాలు మిగిలేవి. ఉప్పు మడిలో ఉప్పు ఎలా తేరుకుంటుందో ఆ తీరులోనే, కాకపోతే లక్షల ఏళ్ళ లెక్కలో, పైన బురద పొరలు పడుతూ, ఆ బురద రాయవుతూ, దాని లోపల ఈ మూలకాలు కలిసి కొత్త స్ఫటికాలు కట్టాయి.

2004లో రియో టింటో అనే గనుల కంపెనీ భూగర్భ శాస్త్రవేత్తలు బోరాన్ కోసం వెతుకుతూ ఇక్కడ బోరు వేసినప్పుడు బయటికొచ్చిన రాతి కడ్డీల్లో తెల్లటి గుండ్రటి ముద్దలు కనిపించాయి. బూడిద రంగు బురదరాతిలో సుద్దముక్కలు పొదిగినట్టు ఉంటాయవి. తెలిసిన ఏ ఖనిజంతోనూ సరిపోలేదు. తర్వాత అంతర్జాతీయ ఖనిజ సంఘం దాన్ని కొత్త ఖనిజంగా గుర్తించింది, దొరికిన లోయ పేరే పెట్టారు. రసాయనంగా అది సోడియం, లిథియం, బోరాన్, సిలికాన్ కలిసిన సిలికేట్. తవ్వి తీసేంత మొత్తంలో ఈ ఖనిజం దొరికిన చోటు ఇప్పటివరకూ ప్రపంచంలో ఇదొక్కటే.

మామూలుగా లిథియం రెండు రకాల చోట్ల దొరుకుతుంది. ఆస్ట్రేలియాలో లాగా గట్టి రాతిలో స్పాడ్యుమీన్ అనే ఖనిజంగా, లేదంటే చిలీ, అర్జెంటీనాలో లాగా ఎడారి ఉప్పు నీళ్ళలో. ఈ చోట్లలో చాలావాటిలో జనం పల్చగా ఉంటారు, వానలు తక్కువ. యాదర్ దీనికి పూర్తిగా తిరగబడిన కేసు. వానలు బాగా పడే, ఊళ్ళు ఒకదానికొకటి తగులుకుని ఉండే, పండే నేల కింద లిథియం. ఒక్కసారి ఈ తేడా పట్టుకుంటే ఆస్ట్రేలియాలో రాని గొడవ ఇక్కడెందుకు వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

ఆ గిన్నె అంచుని కాలక్రమంలో ఏరు కోసుకుంటూ ద్రీనా వైపు దారి చేసుకుంది. నీళ్ళు బయటికి పోకుండా ఆగిపోయిన రోజుల్లో ఖనిజం తయారైంది. ఇప్పుడు నీళ్ళు ఆగకుండా బయటికి పోతున్నాయి కాబట్టే భయం. ఏ మరక పడినా అది లోయలో ఉండిపోదు, పోతూ ఉంటుంది.

గని ప్లాన్ నీళ్ళకి ఎక్కడెక్కడ తగులుతుంది

2021లో కంపెనీ ప్రకటించిన లెక్క ప్రకారం పెట్టుబడి 240 కోట్ల డాలర్లు, పూర్తి స్థాయిలో నడిస్తే ఏటా 58,000 టన్నుల లిథియం కార్బనేట్, దాంతో పాటు 1,60,000 టన్నుల బోరిక్ యాసిడ్, 2,55,000 టన్నుల సోడియం సల్ఫేట్. అంత లిథియం ఏటా పది లక్షల ఎలక్ట్రిక్ కార్లకి సరిపోతుందని చెప్పారు. గని నేల అడుగున తవ్వేది, పైన తెరిచిన గొయ్యి కాదు. ఖనిజం లోయ అడుగున కొన్ని వందల మీటర్ల లోతులో ఉంది.

ఇందులో నీళ్ళకి తగిలే చోట్లు వేరువేరుగా చూడాలి, అన్నీ కలిపి "కాలుష్యం" అనేస్తే ఏదీ తేలదు.

మొదటిది తవ్వడం. నేల కింద ఖాళీ చేస్తూ పోతే ఆ ఖాళీలోకి చుట్టూ ఉన్న నీళ్ళు ఊరతాయి, వాటిని తోడి పొయ్యాలి. లోయ పైపొర ఏరు తెచ్చి పోసిన ఇసుక, గులకరాళ్ళు, అందులో ఉన్న నీళ్ళే పల్లెల్లో బావుల నీళ్ళు, ఏట్లో నీటిమట్టానికీ బావిలో నీటిమట్టానికీ నేరుగా లింకుంటుంది. గని ఉన్న లోతుకీ ఈ పైపొరకీ మధ్య మందమైన బురదరాతి పొరలున్నాయి, అవి నీళ్ళని దిగనివ్వవు అన్నది కంపెనీ వాదన. వేసిన బోర్లే ఆ పొరలకి చిల్లులు కదా, అడుగున ఉన్న బోరాన్ నీళ్ళు వాటి గుండా పైకి వస్తున్నాయి కదా అన్నది ఎదుటి వాదన. మొక్కజొన్న చేల మధ్యలో కొన్ని బోర్ల చుట్టూ నీళ్ళు ఊరి, ఆ మేరకి పైరు ఎండి గుండ్రంగా బట్టతల పడినట్టు ఉందని రైతులు చూపిస్తుంటారు. 2024లో సెర్బియా శాస్త్రవేత్తలు కొందరు ఒక పేరున్న సైన్స్ పత్రికలో బోర్లు వేసిన చోటికి దిగువన బోరాన్, ఆర్సెనిక్, లిథియం ఎక్కువగా కనిపించాయని రాశారు, కంపెనీ ఆ కొలతల్నీ వాటి మీద తేల్చిన మాటల్నీ తప్పుపట్టింది. బోరాన్ మొక్కకి చిటికెడు కావాలి, కాస్త మించితే అదే మొక్కని మాడ్చేస్తుంది, అందుకే ఈ లెక్కలో చిన్న తేడా కూడా పెద్దదే.

రెండోది ఖనిజాన్ని విడగొట్టడం. జాడరైట్‌ని వేడి చేసిన సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో కరిగించి లిథియాన్నీ బోరాన్నీ వేరు చేస్తారు. అంటే లోయలోకి రోజూ యాసిడ్ రావాలి, వాడిన నీళ్ళని శుభ్రం చేసి మళ్ళీ వాడాలి, మిగిలింది ఏట్లోకి వదలాలి. శుద్ధి ప్లాంటు సరిగ్గా పనిచేసినంత కాలం ఇబ్బంది లేదు అనేది ఇంజనీర్ల మాట, అది నిజమే కావచ్చు. కానీ ఎండాకాలంలో యాదర్ బాగా సన్నబడిపోతుంది, పెద్ద నదిలో కలిపితే పల్చబడిపోయే మోతాదు ఈ ఏట్లో పల్చబడదు. వదిలే నీళ్ళకి హద్దు పెట్టేటప్పుడు ఏడాది సగటు చూస్తే చాలదు, ఆగస్టు చివర్లో ఏట్లో ఎంత నీళ్ళున్నాయో చూడాలి.

మూడోది వ్యర్థం. యాసిడ్ పట్టించాక మిగిలిన రాతిపొడిని నీళ్ళు పిండేసి, బురదగా కాకుండా పొడి ముద్దగా కుప్ప పోస్తామని ప్లాన్. స్తొలిత్సె లాంటి బురద చెరువు కంటే ఇది చాలా మెరుగైన పద్ధతి, ఈ మాట వ్యతిరేకించే వాళ్ళు కూడా ఒప్పుకోవాలి. పొడి కుప్ప కట్ట తెగినట్టు ఒక్కసారిగా పారదు. కానీ కుప్ప పోయడానికి చూసిన ష్తావిత్సె అనే చిన్న లోయ కూడా కొండల్లోనే ఉంది. కుప్ప మీద పడ్డ వాన ఎక్కడికో చోటికి పోవాలి, కింద పరిచే షీటు, చుట్టూ తవ్వే కాలువ గని మూసేశాక కూడా పని చెయ్యాలి. గని ఆయుష్షు కొన్ని దశాబ్దాలు, కుప్ప ఆయుష్షుకి లెక్కలేదు.

నాలుగోది వరద. ప్లాంటు ఉండే చోటు యాదర్, కొరెనిత కలిసే పల్లం దగ్గర. కట్టలు కడతామన్నారు, నేల ఎత్తు పెంచుతామన్నారు. నేలని ఎత్తు చేస్తే ఆ ప్లాంటు మునగదు, అది సరే, అంతకుముందు అక్కడ నిలబడే నీళ్ళు పక్క చేలోకో ఎదురు ఒడ్డుకో పోతాయి. వరద మైదానం అంటే ఏరు అప్పుడప్పుడూ వాడుకునే జాగా, దాన్ని ఒకరు ఆక్రమిస్తే మిగిలిన వాళ్ళ వాటా నీళ్ళు పెరుగుతాయి. వాదన మొత్తంలో తక్కువగా మాట్లాడుకునే పాయింటు ఇదే, అన్నిటికంటే ఎక్కువ మాట్లాడాల్సింది కూడా ఇదే.

పక్క నదుల్లో ఏం జరిగింది

సెర్బియాలోనే రెండు పోలికలున్నాయి. ఇందాక చెప్పుకున్న కొలుబారా నది పక్కన దేశంలో పెద్ద బొగ్గు గనులున్నాయి. 2014 మేలో అదే తుఫానుకి అక్కడి వరద తామ్నావా అనే తెరిచిన గనిలోకి దూరి దాన్ని చెరువు చేసేసింది, కోట్ల క్యూబిక్ మీటర్ల నీళ్ళు తోడి పోయడానికి నెలలు పట్టింది. కరెంటు కోసం దేశం ఆధారపడ్డ గనికే ఆ గతి పట్టింది. నది పక్కన గని పెట్టి కట్టలు కట్టినా, కట్టల్ని ఏ స్థాయి వరదకి లెక్కేసి కట్టారన్నదే అసలు విషయం, లెక్క దాటిన వరద ఏదో ఒక రోజు వస్తుంది.

ఇంకోటి తూర్పు సెర్బియాలో బోర్. వందేళ్ళకి పైగా రాగి తవ్విన ఊరు, అక్కడి వాగు తిమోక్ నదిలోకి, అక్కణ్ణించి డాన్యూబ్‌లోకి లోహాలు మోస్తూనే ఉంది. బోర్ తప్పులు చాలావరకు పాత కాలపు పద్ధతులవి కాబట్టి దాన్ని తెచ్చి యాదర్ మీద అలాగే అంటించడం సరి కాదు. కానీ ఆ వాగుని బాగుచేస్తామన్న మాట తరాల నుంచి మాటగానే ఉండిపోయింది, జనం కంపెనీ టెక్నాలజీని నమ్మకపోవడం కంటే తమ ప్రభుత్వ తనిఖీని నమ్మకపోవడానికి పెద్ద కారణం అది. లోజ్నిత్సలోనూ విస్కోజా అనే పెద్ద నార ఫ్యాక్టరీ వేలమందికి పని ఇచ్చి తర్వాత మూతపడింది, కాబట్టి ఉద్యోగాలు వస్తాయి అన్న మాటకి అక్కడ ఆశ ఉంది, అనుమానమూ ఉంది. గని కావాలనే వాళ్ళు ఆ ఊళ్ళో లేరనుకుంటే పొరపాటు.

రోడ్లు, కోర్టు, ఒప్పందం

2021 నవంబర్, డిసెంబర్ నెలల్లో సెర్బియా అంతటా జనం హైవేల మీద, వంతెనల మీద బైఠాయించారు. "యాదర్‌ని ఇవ్వం" అనే అర్థం వచ్చే పేరుతో లోయ రైతులు పెట్టుకున్న సంఘం వాళ్ళు అప్పటికే ఏళ్ళ తరబడి ఊరూరా తిరుగుతున్నారు. 2022 జనవరి 20న అప్పటి ప్రధాని అనా బ్రనాబిచ్ ప్రభుత్వం ప్రాజెక్టు అనుమతులన్నీ రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది. అయిపోయిందనుకున్నారు చాలామంది.

2024 జులై 11న రాజ్యాంగ కోర్టు ఆ రద్దు చెల్లదని తేల్చింది, వారం తిరక్కుండానే ప్రభుత్వం ప్లాన్‌ని మళ్ళీ అమల్లోకి తెచ్చింది, జులై 19న అప్పటి జర్మనీ ఛాన్సలర్ ఓలాఫ్ షోల్జ్ బెల్‌గ్రేడ్‌లో ఉండగా యూరోపియన్ యూనియన్‌తో ముడిసరుకుల ఒప్పందం మీద సంతకాలయ్యాయి. మూడూ ఇంత దగ్గర దగ్గరగా జరగడంతో కోర్టు తీర్పు మీద కూడా అనుమానాలొచ్చాయి. ఆగస్టు 10న బెల్‌గ్రేడ్‌లో భారీ ఊరేగింపు. అక్టోబరులో లిథియం, బోరాన్ తవ్వకాన్ని నిషేధించాలన్న బిల్లు పార్లమెంటులో వీగిపోయింది. 2025 జూన్‌లో యూరోపియన్ యూనియన్ తన బయట ఉన్న వ్యూహాత్మక ప్రాజెక్టుల జాబితాలో యాదర్‌ని చేర్చింది.

యూరప్ తొందర వెనక ఉన్న లెక్క అర్థం చేసుకోదగ్గదే. బ్యాటరీ లిథియం శుద్ధిలో చైనా వాటా చాలా పెద్దది, కార్ల కంపెనీలకి ఇంటి దగ్గర సరుకు కావాలి. అయితే ఆ తొందర ఖరీదు కట్టేది యూనియన్‌లో సభ్యత్వం కూడా లేని దేశంలో ఒక చిన్న లోయ. ఈ అసమానత వల్లే పర్యావరణ ప్రశ్న కాస్తా సార్వభౌమత్వం ప్రశ్న అయి కూర్చుంది.

ఇప్పుడెక్కడుంది, ఏం జరగొచ్చు

2025 నవంబర్‌లో రియో టింటో యాదర్ ప్రాజెక్టు మీద ఖర్చు ఆపేసి, కేవలం కాపలా, నిర్వహణ స్థితిలో పెడుతున్నట్టు తేలింది. అనుమతుల్లో కదలిక లేకపోవడం ఒక కారణంగా చెప్పారు. దీన్ని ముగింపు అనలేం, ఖనిజం ఎక్కడికీ పోదు, వ్యూహాత్మక ముద్ర అలాగే ఉంది, లిథియం ధర మళ్ళీ పెరిగితే ఈ కంపెనీయో ఇంకోటో వస్తుంది. మళ్ళీ మొదలుపెట్టినా పర్యావరణ అధ్యయనం, నీటి అనుమతులు, స్థలం, ఇవన్నీ కావాలి కాబట్టి ఏళ్ళు పడుతుంది.

ఈలోపు ఆగకుండా జరిగేవి కొన్నున్నాయి. కంపెనీ కొన్న ఇళ్ళు గోర్న్యె నెదెల్యిత్సెలో కప్పులు, తలుపులు తీసేసి గోడలుగా నిలబడి ఉన్నాయి, పక్కింట్లో మాత్రం ఇల్లు అమ్మని కుటుంబం ఆవుల్ని మేపుకుంటూ అక్కడే ఉంది. బోర్లు చేలల్లో ఉన్నాయి, వాటిని సరిగ్గా మూశారా, ఎవరు చూస్తున్నారు అన్నది గని వచ్చినా రాకపోయినా తేలాల్సిన ప్రశ్నే. ఏట్లో బోరాన్, ఆర్సెనిక్ ఎంతున్నాయో కంపెనీకీ వ్యతిరేకులకీ సంబంధం లేని సంస్థ నెలనెలా కొలిచి అందరికీ చూపిస్తే, తవ్వకానికి ముందు ఏరు ఎలా ఉందో రికార్డు మిగులుతుంది. ఇప్పుడైతే రెండు పక్షాలూ ఎవరి సీసాలో నీళ్ళు వాళ్ళు పట్టుకుని వాదించుకుంటున్నాయి. కొరెనిత ఎగువన స్తొలిత్సె కట్ట 2014 తర్వాత ఏ స్థితిలో ఉందన్నదీ అంతే ముఖ్యం, ఎందుకంటే లిథియం గని ఇంకా కాగితం మీదే ఉంది, ఆ పాత బురద మాత్రం కొండ మీద నిజంగానే ఉంది, వచ్చే పెద్ద వానకి దాని దారి యాదర్ వైపే.